గడప ఎత్తు జపాన్‌లో, మెట్లు ఎక్కువ కొరియాలో

2020 ఏప్రిల్‌లో జపాన్ రెండు పనులు చేసింది. నెల మొదట్లో విదేశీయులకు తలుపు మూసింది. ఏళ్ల తరబడి అక్కడే ఉంటూ, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బడికి పంపుతున్న శాశ్వత నివాసులైనా సరే, 3వ తేదీ తర్వాత నిషేధ జాబితాలోని దేశానికి వెళ్తే తిరిగి రావడానికి లేదు. జపాన్ పౌరులు మాత్రం అవే దేశాల నుంచి విమానం దిగి, పరీక్ష చేయించుకుని ఇంటికి పోయారు. నివాసులందరికీ తిరిగి దారి తెరుచుకోవడానికి సెప్టెంబరు దాకా పట్టింది. అదే ఏప్రిల్ 27 నాటికి నివాస రిజిస్టరులో పేరున్న ప్రతి మనిషికీ తలా లక్ష యెన్‌ల కరోనా సాయం కూడా అదే ప్రభుత్వం ఇచ్చింది. అక్కడ మాత్రం పౌరుడా, పరాయివాడా అని చూడలేదు.

దక్షిణ కొరియాలో ఆ ఏడాది సరిగ్గా తిరగబడి జరిగింది. నివాసులైన విదేశీయులు బయటికి వెళ్ళి రావచ్చు. జూన్ నుంచి పునఃప్రవేశ అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం అడిగారంతే. కానీ మేలో పంచిన సాయం డబ్బులో శాశ్వత నివాసులకూ, కొరియన్లను పెళ్ళాడినవారికీ తప్ప మిగతా విదేశీయులకు వాటా లేదు. పన్ను కట్టే ఇంజినీరుకూ లేదు, ఫ్యాక్టరీ కార్మికుడికీ లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తప్పుపట్టాక సియోల్ నగరం తన సొంత సాయాన్ని ఆ ఆగస్టు చివర్లో విదేశీయులకూ ఇచ్చింది.

ఏ దేశం విదేశీయుడితో స్నేహంగా ఉంటుందన్న ప్రశ్నకు దుకాణంలో నవ్వులు, వీధిలో పలకరింపులు చూసి చెప్పే జవాబు సగమే నిజం. జపాన్‌లో అడ్డు ఎక్కువగా మనుషుల దగ్గర, ముఖ్యంగా ఇంటి యజమాని దగ్గర తగులుతుంది. రిజిస్టరులో పేరు ఎక్కాక రోజువారీ సర్కారు లెక్కల్లో విదేశీయుడు వార్డులో మరో మనిషే. కొరియాలో మనుషులు తొందరగా దగ్గరవుతారు, ఇల్లు తొందరగా దొరుకుతుంది. అసలు చిక్కు వీసా అక్షరంతో మొదలవుతుంది. వీసా పేరులో (ఇ-9, ఎఫ్-2 లాంటివి) ఏ అక్షరం, ఏ అంకె అన్నదాన్ని బట్టి హక్కులు మెట్లు మెట్లుగా ఉంటాయి.

జపాన్ 2012 జులైలో పాత విదేశీయుల నమోదు పద్ధతిని ఎత్తేసి, మూడు నెలలకు మించి ఉండేవారందరినీ తన పౌరులున్న నివాస రిజిస్టరులోనే చేర్చింది. నరీతా, హనెదా వంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే నివాస కార్డు చేతికిస్తారు. చిరునామా కుదిరిన 14 రోజుల్లో వార్డు ఆఫీసుకు వెళ్ళాలి. కార్డు వెనక చిరునామా రాయించుకోవడం, జాతీయ ఆరోగ్య బీమా, పింఛను, ‘మై నంబర్’ అనే గుర్తింపు సంఖ్య పనులన్నీ ఆ ఒక్క గుమ్మంలోనే మొదలవుతాయి. కంపెనీ బీమా ఉన్నవారికి ఇక్కడ బీమా పని ఉండదు. దీన్ని తేలిగ్గా తీసుకుని 90 రోజులైనా చిరునామా చెప్పకపోతే నివాస హోదానే రద్దు చేసే అధికారం చట్టంలో ఉంది. స్నేహితుడి గదిలో తలదాచుకుంటూ, ఇల్లు దొరికాక చూద్దాంలే అనుకునేవారికి ప్రమాదం ఇక్కడే.

మరి ఆ చిరునామా కుదరడమే జపాన్‌లో అసలు పరీక్ష. న్యాయశాఖ 2016లో చేయించి మరుసటి ఏడాది బయటపెట్టిన సర్వేలో, ఇల్లు వెతికిన విదేశీయుల్లో 39.3 శాతం మందికి ‘విదేశీయులు’ అన్న కారణంతోనే ఇల్లు దక్కలేదు. జపనీయుడైన జామీనుదారు లేడని తిప్పి పంపినవారు 41.2 శాతం. ఇందులో పోట్లాట ఏమీ ఉండదు. ఏజెంటు విదేశీయుడి ముందే యజమానికి ఫోను చేసి ‘గైకొకుజిన్ (విదేశీయుడు), పరవాలేదా’ అని మర్యాదగా అడుగుతాడు, అంతే మర్యాదగా విచారం తెలియజేస్తాడు. యజమాని భయాలు మూడు: చెత్త వేరు చేసే రోజులు, రాత్రి చప్పుడు వంటి విషయాలు చెబితే అర్థమవుతాయా, అద్దె ఎగ్గొట్టి దేశం దాటితే ఎవర్ని పట్టుకోవాలి, పక్కింటివాళ్ళు ఏమంటారు. మొదటి రెండింటికీ మందు ఉంది. మూడోదానికి లేదు.

మందు అంటే డబ్బే. నెలకు లక్ష యెన్‌ల అద్దె ఇల్లనుకుందాం. తిరిగొచ్చే డిపాజిట్ షికికిన్ లక్ష; యజమానికి కానుకగా పోయే రెయ్‌కిన్ మరో లక్ష; ఏజెంటు రుసుము పన్నుతో కలిపి 1,10,000 దాకా; జామీను కంపెనీకి సగం నెల నుంచి ఒక నెల అద్దె; ముందస్తు అద్దె లక్ష; తాళం మార్పు, అగ్ని బీమా కలిపి కొన్ని పదివేలు. చేతిలో ఐదు లక్షల యెన్‌లు లేకుండా తాళంచెవి రాదు. టోక్యో చుట్టుపక్కల రెండేళ్లకోసారి ఒప్పందం పొడిగించినప్పుడు మరో నెల అద్దె ఇచ్చుకోవాలి. జామీను కంపెనీ ఒప్పుకున్నా, జపనీస్ మాట్లాడే ఒక స్థానికుడి ఫోను నంబరు అత్యవసర సంప్రదింపు కోసం అడుగుతుంది. చాలా దరఖాస్తులు ఆగేది ఆ చిన్న గడి దగ్గరే. ఆఫీసులో పైఅధికారిని ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

దీనికి పక్కదారి యూఆర్ ఇళ్ళు, అంటే ప్రభుత్వరంగ సంస్థ అద్దెకిచ్చే అపార్టుమెంట్లు. రెయ్‌కిన్ లేదు, ఏజెంటు రుసుము లేదు, జామీనుదారు అక్కర్లేదు, పొడిగింపు రుసుమూ లేదు. రెండు నెలల డిపాజిట్ చాలు. ఆదాయం అద్దెకు సుమారు నాలుగు రెట్లు చూపాలి, లేదా ఏడాది అద్దె ఒకేసారి కట్టాలి. టోక్యో ఎదొగావా వార్డులోని నిషి-కసాయి భారతీయుల పేటగా మారడం వెనక ఇలాంటి ఇళ్ళ పాత్ర పెద్దది. 2000 సంవత్సరపు కంప్యూటర్ల గండం కోసం వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు నగరం నడిబొడ్డున ఓతెమాచిలోని ఆఫీసులకు తోజాయ్ లైనులో నేరుగా రైలుంది, జాతి అడగని అద్దె ఇల్లుంది. ఆ తర్వాత కిరాణా కొట్లు, భారతీయ బడులు వాటంతట అవే వచ్చాయి. అదే వార్డు నుంచి 2019లో భారత్‌లో పుట్టిన యోగేంద్ర పురానిక్ వార్డు సభకు ఎన్నికయ్యారు. అయితే అందుకు ఆయన ముందే జపాన్ పౌరసత్వం తీసుకోవాల్సి వచ్చింది. విదేశీయుడికి అక్కడ పోటీ సంగతి దేవుడెరుగు, వార్డు ఎన్నికల్లో ఓటు కూడా లేదు. స్థానిక ఓటు ఇస్తే రాజ్యాంగ విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 1995లోనే అన్నా, చట్టం రాలేదు.

కొరియా ఆ పని చేసేసింది. 2005లో చట్టం సవరించి, శాశ్వత నివాస హోదా వచ్చి మూడేళ్లు దాటినవారికి స్థానిక ఎన్నికల్లో ఓటు ఇచ్చింది. 2006 మేలో వాళ్ళు తొలిసారి వేశారు. వలస విధానాలకు మార్కులేసే మైపెక్స్ సూచీ 2020 సంచికలో కొరియాకు నూటికి 56, జపాన్‌కు 47 రావడానికి ఇలాంటివే కారణాలు. బహుళ సంస్కృతుల కుటుంబాలకు 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. 1345కు ఫోను చేస్తే ఇమిగ్రేషన్ సందేహాలకు పలు భాషల్లో జవాబు చెబుతారు. భాష, సమాజం నేర్పే సామాజిక ఏకీకరణ కోర్సు సున్నా నుంచి ఐదో స్థాయి దాకా 515 గంటలు. పూర్తిచేస్తే పాయింట్ల వీసాలోనూ, శాశ్వత నివాసంలోనూ, పౌరసత్వంలోనూ కలిసొస్తుంది. జపాన్‌లో ఇంత పొందికైన జాతీయ కోర్సు లేదు. వార్డు ఆఫీసు హాల్లో వారానికోసారి స్వచ్ఛంద పంతుళ్ళు చెప్పే పాఠాలే చాలామందికి దిక్కు. ఆ పంతుళ్ళు మాత్రం బంగారం.

కాగితం మీద ఇంత బాగున్న కొరియాలో మొదటి రెండు నెలలు ఎందుకు నరకంగా ఉంటాయి? దేశం మొత్తం 13 అంకెల నివాస నంబరు మీదా, సొంత పేరున ఉన్న మొబైల్ మీదా నడుస్తుంది కాబట్టి. విదేశీయుడికీ 13 అంకెలే ఇస్తారు, కానీ ఏడో అంకె 5 నుంచి 8 లోపు ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. కార్డు విమానాశ్రయంలో ఇవ్వరు. వచ్చిన 90 రోజుల్లో ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళి నమోదు చేసుకోవాలి, అందుకు హైకొరియా అనే ఇమిగ్రేషన్ సైటులో ముందే సమయం తీసుకోవాలి. సియోల్ ఆఫీసుల్లో ఖాళీలు వారాల ముందే అయిపోతాయి, వేలిముద్రలిచ్చాక కార్డు రావడానికి మళ్ళీ కొన్ని వారాలు. విమానం టికెట్ కొన్న రోజే సమయం కోసం వెతకడం మొదలుపెట్టినా తొందరపాటు కాదు.

కార్డు వచ్చేదాకా ప్రీపెయిడ్ సిమ్‌తో మాట్లాడుకోవచ్చు గానీ, ‘బొనిన్ ఇన్‌జుంగ్’ అనే గుర్తింపు నిర్ధారణ గట్టెక్కడం కష్టం. అది లేకుంటే ఆన్‌లైన్ కొనుగోళ్లు, రైలు యాప్, బ్యాంకు యాప్ అన్నీ గోడలే. కాబట్టి వరస ముఖ్యం: ముందు కార్డు, ఆ పేరుతోనే ఫోను, ఆ ఫోనుతోనే బ్యాంకు. ముందే పాస్‌పోర్టుతో ఖాతా తెరిచినవారు కార్డు రాగానే బ్యాంకుకు తిరిగి వెళ్ళి నంబరు మార్పించుకోవాలి. కొత్త ఖాతాకు ఆన్‌లైన్ బదిలీ పరిమితి రోజుకు 10 లక్షల వన్‌లు (2024 మేకు ముందు 3 లక్షలే). రెండు మూడు నెలల జీతం రసీదులు చూపితే ఎత్తేస్తారు.

తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక ప్రత్యేక చిక్కు, పేరు. ఇంటిపేరు విడదీయని పాస్‌పోర్టులు, మూడు నాలుగు ముక్కల పేర్లు మన దగ్గర మామూలే. కార్డులో ‘ఇంటిపేరు, వెంకట, సత్య, నారాయణ’ వరసలో పడి, ఫోను కంపెనీలో మధ్య ఖాళీలు పోయి, బ్యాంకులో చివరి ముక్క కత్తిరించుకుపోతే యంత్రానికి ముగ్గురూ వేరే మనుషులు. ఎన్నిసార్లు నొక్కినా ‘సమాచారం సరిపోలలేదు’ అంటుంది. ఫోను దుకాణంలో సంతకం పెట్టేముందే తెరమీద పేరు కార్డులో ఉన్నట్టే, అదే వరసలో, అవే ఖాళీలతో ఉందో లేదో చూసుకోవాలి. జపాన్‌లో ఇదే గొడవ విదేశీ పేర్లు రాసే కతకానా లిపిలో వస్తుంది. బ్యాంకు పేరును ఒకలా రాసి, కంపెనీ ఇంకోలా రాస్తే జీతం వెనక్కి పోతుంది. బ్యాంకు పుస్తకంలో ఉన్న కతకానాను ఫోటో తీసి అన్నిచోట్లా అదే రాయడం ఒక్కటే మార్గం.

కొరియాలో ఇల్లు దొరకడం తేలిక అన్నది నిజమే. యజమాని జాతి కంటే డిపాజిట్ చూస్తాడు. నెలవారీ వల్సేకు 50 లక్షల నుంచి కోటి వన్‌ల డిపాజిట్ మామూలు. నెల అద్దె లేని జొన్సేకైతే ఇంటి విలువలో సగానికి పైనే పెట్టాలి. జపాన్‌లో పోయేది రెయ్‌కిన్ అయితే, కొరియాలో పోతే మూలధనమే పోతుంది. 2022 నుంచి బయటపడిన జొన్సే మోసాల వల్ల 2023 జూన్‌లో బాధితుల కోసం ప్రత్యేక చట్టమే తేవాల్సివచ్చింది. విదేశీయుడు చేయాల్సినవి మూడున్నాయి. ఒప్పందానికి ముందు, మళ్ళీ డబ్బు పంపే రోజు ఉదయం, ఇంటి రిజిస్ట్రేషన్ పత్రం ఆన్‌లైన్‌లో 700 వన్‌లు కట్టి చూసి, తాకట్టు ఎంతుందో లెక్కవేయాలి. దిగిన రోజే ఒప్పందంపై ఖరారు తేదీ ముద్ర, ‘హ్వక్‌జొంగ్ ఇల్జా’ వేయించాలి. అదే రోజు కొత్త చిరునామా నమోదు చేయించాలి. చట్టం 15 రోజుల గడువిచ్చినా, విదేశీయుడికి డిపాజిట్ మీద రక్షణ పుట్టేది ఈ నమోదు మరుసటి రోజు నుంచే. ఆ సందులో యజమాని కొత్త అప్పు తెస్తే బ్యాంకు ముందు, అద్దెదారు వెనక. గడువుందిగా అని రెండు వారాలు ఆగడం వల్ల నష్టపోయేవాడు అద్దెదారే.

ఆరోగ్య బీమాలో తేడా ఇంకా సూటిగా కనబడుతుంది. జపాన్‌లో జాతీయ బీమా కిస్తు నిరుటి జపాన్ ఆదాయం మీద లెక్క. కొత్తగా వచ్చినవారికి ఆదాయం సున్నా కాబట్టి మొదటి ఏడాది చాలా తక్కువ. ఆసుపత్రి ఖర్చులో చేతి నుంచి 30 శాతం. కొరియాలో 2019 జులై నుంచి ఆరు నెలలు దాటిన విదేశీయులందరికీ బీమా తప్పనిసరి. ఉద్యోగం ద్వారా బీమా లేనివారికి కిస్తు కనీసం దేశ సగటు, అంటే నెలకు సుమారు లక్షన్నర వన్‌లు. పక్కింటి కొరియన్‌కు ఆదాయం లేకపోతే అంతకంటే ఎంతో తక్కువ. విద్యార్థులకు సగం తగ్గింపు ఉంది. బాకీ పడితే వీసా పొడిగింపు దగ్గర పట్టుకుంటారు. విదేశీయుల నుంచి ఈ బీమాకు వసూలయ్యేది, మొత్తంగా వారి వైద్యానికి పెట్టే ఖర్చుకన్నా ఎక్కువ. ‘వాళ్ళు మన బీమా తినేస్తున్నారు’ అన్న మాట మాత్రం ఆగదు.

జపాన్ దెబ్బ ఆలస్యంగా తగులుతుంది. సుమారు 10 శాతం ఉండే స్థానిక నివాస పన్ను నిరుటి ఆదాయం మీద, జూన్ నుంచి కోత పడుతుంది. అందుకే రెండో ఏడాది జూన్‌లో చేతికొచ్చే జీతం హఠాత్తుగా తగ్గుతుంది. మొదటి ఏడాది మిగులు చూసి పెద్ద ఇంటికి మారినవారు ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకో ఉచ్చు ఉద్యోగం మారేటప్పుడు. రెండు కంపెనీల మధ్య ఒక నెల ఖాళీ ఉంటే ఆ నెల పింఛను, ఆరోగ్య బీమా స్వయంగా వార్డులో కట్టాలి. ఆ చీటీ గడువు దాటి కట్టినా, పదేళ్లు నిరీక్షించి వేసిన శాశ్వత నివాస దరఖాస్తు తిరగ్గొట్టడానికి అది కారణం కావచ్చు. కట్టారా అన్నదే కాదు, గడువులోగా కట్టారా అని చూస్తారు. అత్యున్నత నిపుణుల పాయింట్లలో 70 వస్తే పదేళ్లు మూడేళ్లవుతాయి, 80 వస్తే ఒక్క ఏడాదే. కొరియాలో ఇ-7 వంటి నిపుణుల వీసాపై ఐదేళ్లు ఉండి, తలసరి జాతీయాదాయానికి రెట్టింపు సంపాదిస్తే శాశ్వత హోదాకు దారి ఉంది. 2024లో ఆ తలసరి దాదాపు 5 కోట్ల వన్‌లు. అంటే ఏడాదికి 10 కోట్లు; కుర్ర ఇంజినీర్లకు అందనంత ఎత్తు. అందుకే చాలామంది పాయింట్ల లెక్కన ఇచ్చే ఎఫ్-2 నివాస వీసా మెట్టు మీద కాలు పెట్టి పైకి వెళ్తారు.

కింది మెట్టు మీద ఉన్నవారి సంగతి వేరు. కొరియా 2004 నుంచి ఇ-9 వీసా మీద ఫ్యాక్టరీ వంటి పనుల కార్మికుల్ని ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో తెస్తోంది, దళారుల బెడద తగ్గింది. కానీ మొదటి మూడేళ్లలో యజమానిని మార్చుకునేది మూడుసార్లే, అదీ చట్టం ఒప్పుకునే కారణాలకే. ఈ కట్టడి సరైనదేనని రాజ్యాంగ న్యాయస్థానం 2021 డిసెంబరులో తేల్చింది. ఆ ఒప్పంద దేశాల్లో భారత్ లేదు కాబట్టి, ‘కొరియా ఫ్యాక్టరీ ఇ-9 వీసా ఇప్పిస్తాం’ అని ఊళ్ళో ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. జపాన్ ‘నిర్దిష్ట నైపుణ్య’ వీసాకు మాత్రం 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం కుదిరింది. యజమాని మార్పును దాదాపు నిషేధించిన పాత శిక్షణార్థి పద్ధతి స్థానంలో, 2027 ఏప్రిల్ నుంచి మార్పుకు కొంత వీలిచ్చే కొత్త పద్ధతి తెచ్చేందుకు జపాన్ 2024లో చట్టం చేసింది. అదే ఏడాది, కావాలని పన్నులు ఎగ్గొడితే శాశ్వత హోదా కూడా రద్దు చేసే సవరణా వచ్చింది.

అవమానం జరిగితే ఎక్కడికి పోవాలి? సమగ్ర వివక్ష నిషేధ చట్టం రెండు దేశాల్లోనూ లేదు. కొరియాలో 2007 నుంచి బిల్లు వస్తూనే ఉంది, మూలపడుతూనే ఉంది. జపాన్‌లో 2016 ద్వేష ప్రసంగ చట్టానికి శిక్షలు లేవు. కవాసాకి నగరం మాత్రం సొంత శాసనంలో 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా పెట్టింది. ఉత్తర జపాన్‌లోని ఒతారులో విదేశీయుల్ని రానివ్వని స్నానశాల మీద 2002లో సప్పొరో కోర్టు ముగ్గురు ఫిర్యాదుదారులకు తలా పది లక్షల యెన్‌లు ఇప్పించింది. ఆ ముగ్గురిలో ఒకాయన అప్పటికే జపాన్ పౌరుడు. 2009లో కొరియాలో బుచొన్ బస్సులో భారతీయ పరిశోధక ఆచార్యుణ్ణి జాతి పేరుతో తిట్టినవాడికి పది లక్షల వన్‌ల జరిమానా పడింది, మామూలు అవమాన నేరం కింద. కొరియా నగరం దెగులో మసీదు నిర్మాణానికి సుప్రీంకోర్టు 2022లో సరేనన్నా, స్థలం ముందు పంది తలలు పెట్టారు. కొరియాలో వ్యతిరేకత ఇలా బాహాటంగా అరుస్తుంది. జపాన్‌లో అది చాలాకాలం ఏజెంటు ఫోనులో గుసగుసగానే ఉండేది. 2025 జులై ఎన్నికల్లో ‘జపనీయులే ముందు’ అన్న సాన్సేతో పార్టీ ఎగువసభలో 14 సీట్లు గెలిచాక ఆ గుసగుస మైకులోకి ఎక్కింది. అక్టోబరులో వ్యాపార నిర్వాహక వీసాకు పెట్టుబడి 50 లక్షల యెన్‌ల నుంచి 3 కోట్లకు పెరిగింది. కూర హోటలు పెట్టుకుని బతికే చిన్నవాళ్ళ మీద ఇది పిడుగే.

తిండి సంగతి ఒక్క మాట. శాకాహారికి రెండూ కష్టమే. జపాన్‌లో మిసో పులుసులో ఎండు చేప సారం, కొరియాలో కిమ్చీలో ఉప్పులో ఊరిన రొయ్యలు. ‘మాంసం లేదు’ అంటే ‘చేప లేదు’ అని రెండుచోట్లా అర్థం కాదు.

వెళ్ళిపోయే రోజున కూడా రెండు దేశాల తీరు తేడాగానే ఉంటుంది. భారత కంపెనీ పంపినవారు ఈపీఎఫ్ఓ నుంచి కవరేజీ ధ్రువపత్రం తెచ్చుకుంటే ఐదేళ్ల దాకా రెండుచోట్లా పింఛను చందా కట్టక్కర్లేదు; కొరియాతో ఒప్పందం 2011 నుంచి, జపాన్‌తో 2016 నుంచి అమల్లో ఉంది. స్థానిక కంపెనీలో చేరి కట్టినవారికి కొరియాలో ముందే పింఛను ఆఫీసుకు టికెట్ చూపి దరఖాస్తు చేస్తే, ఇంచొన్ విమానాశ్రయంలో బయల్దేరే రోజే డబ్బు ఇచ్చే ఏర్పాటుంది. జపాన్‌లో ముందు వార్డులో నివాసం రద్దు చేయించుకుని, దేశం దాటాక, రెండేళ్ల లోపు టపాలో దరఖాస్తు పంపాలి. ఎంతకాలం కట్టినా లెక్కకు వచ్చేది ఐదేళ్లే, పదేళ్లు నిండితే అసలు తీసుకోవడానికే లేదు. వచ్చినదాంట్లో 20.42 శాతం పన్ను కోసుకుంటారు. ఆ పన్ను వెనక్కి తెచ్చుకోవాలంటే జపాన్‌లో ఉండే ఒకరిని పన్ను ప్రతినిధిగా పెట్టాలి, వీలైతే విమానం ఎక్కకముందే. ఆ ఒకరు ఇల్లు దొరికినప్పుడు అత్యవసర సంప్రదింపు గడిలో పేరు ఇచ్చిన మనిషే అయ్యుంటారు, చాలాసార్లు.